తీసి వేసుకున్న మాల

నవంబర్ 9, ఆదివారం

నేను పనిచేసే బైండింగ్ షాపులో అట్ట వంకరగా అతుక్కుందని పక్కన పడేసిన డైరీ ఇది. పారేయబోతుంటే తెచ్చుకున్నాను. కోకిలకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు, ఆమె చదివింది అరవం. మా అమ్మాయి షాలినీ అంతే. మద్రాసు చింతాద్రిపేటలో మా వీధి మొత్తానికి తెలుగు చదివేది నేనూ, గుడి దగ్గర ఉండే సీతారామారావుగారూ. అందుకని దీన్ని దాచే పని లేదు. టీవీ పక్కనే పెట్టుకోవచ్చు.

ఈరోజు వంశీకృష్ణ అని ఒకతను వెతుక్కుంటూ వచ్చాడు. ఒంగోలు మనిషి, ఓఎంఆర్ రోడ్డు మీద ఏదో ఆఫీసులో కంప్యూటర్ ఉద్యోగం. చక్కటి మనిషి, మంచి చొక్కా. కూర్చున్నంతసేపూ అరచేతులు తొడల కింద పెట్టుకున్నాడు. ఇతని తాగుడు పడలేక భార్య వర్షిణి పసిబిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయిందట. అయ్యప్ప మాల వేసుకుంటే మానగలనా గురుస్వామీ అని అడిగాడు. నన్ను చూడమన్నాను. ఏటేటా కార్తీకంలో మాల వేస్తాను, మండలం పొడుగునా చుక్క ముట్టను, మనసు గట్టిగా ఉంటే అదెంత పని అన్నాను. కాళ్లకు దండం పెట్టి వెళ్లాడు.

మిగతా నెలల సంగతి అతను అడగలేదు. నేను చెప్పలేదు. వంటింట్లో కోకిల గిన్నెలు తోముతోంది, నేను మాట్లాడేటప్పుడు ఆ చప్పుడు కాస్త పెరిగింది.

నవంబర్ 16, ఆదివారం

రేపు మాల. ఈరోజు కొంచెం ఎక్కువైంది. ఆఖరి రోజు కదా.

నవంబర్ 17, సోమవారం

గుడిలో స్వాములందరికీ నా చేత్తోనే మాలలు వేశాను. చేతులు వణికాయి. వాన, చలి. ఏ ఏడాదైనా మొదటి నాలుగు రోజులూ ఇంతే. కోకిల స్వెట్టర్ తెచ్చి ఇచ్చింది. మద్రాసులో స్వెట్టర్ తొడుక్కున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

వంశీకృష్ణ మెడలో వేస్తుంటే ఏడ్చాడు. మీ చెయ్యి పడింది, ఇక నాకు భయం లేదన్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి. ఎంతమందినో కొండ ఎక్కించిన చెయ్యి ఇది.

ఈరోజు నుంచి నేను కోకిలకు సామిని. మాటకు ముందు సామీ, వెనక మీరు. మిగతా ఏడాదంతా నువ్వే, కోపం వస్తే అది కూడా ఉండదు. పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తూ పాడుకుంటోంది. ఆమె పాడేది ఈ మండలం రోజుల్లోనే. షాలిని కూడా నా పక్కన కూర్చుని టిఫిన్ తింది. ఇవి చూడడానికైనా మాల వెయ్యాలి.

నవంబర్ 23, ఆదివారం

భజన బ్రహ్మాండం. చేతులు కుదురుకున్నాయి. చెప్పానా?

డిసెంబర్ 2, మంగళవారం

రాయపురం చర్చికి బైండు చేసిన పాటల పుస్తకాలు అప్పజెప్పడానికి వెళ్లాను. మోకాలి లోతు నీళ్లు. అక్కడ ఆంటో కనిపించాడు. ఆంటో అంటే హార్బరులో ఐసు కొట్టే ఆంటో. ఇద్దరం కలిసి తాగి ఎన్నిసార్లు దారి తప్పామో దేవుడికెరుక. ఇప్పుడు మనిషి మారిపోయాడు, బుగ్గలు వచ్చాయి. మానేసి చాలా కాలమైందట. చర్చి వెనక బడిలో ఆదివారం సాయంత్రాలు మీటింగు పెట్టుకుంటారట, తాగుబోతులంతా. నన్నూ రమ్మన్నాడు.

నవ్వొచ్చింది. మాల్లో ఉన్న నాకు మీటింగు దేనికన్నాను.

"సరి పా. మాల్లో లేనప్పుడు ఏం చేస్తా ఉండావు, అది చెప్పు."

అప్పుడూ మానగలను, మానాలనుకోవడం లేదంతే అన్నాను. తలూపాడు. తానూ అట్లనే చెప్పుకుంటూ వచ్చాడట, నా చేత కాదు అని ఒప్పుకున్న రోజు నుంచే దేవుడు తన మాట వినడం మొదలుపెట్టాడట. వీడి చేత కాకపోతే నాకేం? వీడు చర్చి మనిషి, అయ్యప్ప దీక్ష సంగతి వీడికేం తెలుసు అనుకున్నాను. అట్లా అనుకోకూడదు, తప్పు. అయినా అనుకున్నాను.

డిసెంబర్ 9, మంగళవారం

కర్పూరం అయిపోతే కొనడానికి వెళ్లాను. వాన. ఆలస్యమైంది. ఆకలి లేదని పడుకున్నాను.

డిసెంబర్ 10, బుధవారం

నిన్న రాసింది అబద్ధం కాదు. కర్పూరం కొన్నమాట నిజమే.

ఎవరూ చదవని డైరీలో కూడా దాపరికమేమిటి శంకర్? రాయి.

కర్పూరం కొట్టు పక్క సందులోనే మందు షాపు. నిన్న నాకు ఏ కష్టమూ లేదు. ఓనరు ఒక్క మాట అనలేదు, కోకిలతో గొడవ లేదు, పొద్దున వంశీకృష్ణ ఫోను చేసి బాగున్నాను స్వామీ అన్నాడు కూడా. ఎందుకు తాగావురా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క కారణం దొరకడం లేదు. ఇంతకుముందు కారణాలకు ఎప్పుడూ కరువు లేదు. కాళ్లు అటు తిరిగాయి, నేను వాటి వెంట వెళ్లాను.

మాలతో మాత్రం తాగలేదు. అంత పాపిని కాను. గుడి వెనక నిలబడి మాల తీసే మంత్రం చెప్పి, తీసి, కర్పూరం పొట్లంతోపాటు సంచిలో పెట్టి, సంచి సైకిలుకు తగిలించి లోపలికి వెళ్లాను. తర్వాత వీధి పంపు కింద తల తడుపుకుని, వేసుకునే మంత్రం చెప్పి మళ్లీ వేసుకున్నాను. మాల వెయ్యడానికైనా తియ్యడానికైనా గురుస్వామి కావాలి. గురుస్వామిని నేనే. శాస్త్రప్రకారం తప్పు లేదు.

ఒక్కసారే. అయిపోయింది.

డిసెంబర్ 12, శుక్రవారం

ఈరోజు కూడా. మంత్రం చెప్పే తీశాను.

డిసెంబర్ 15, సోమవారం

ఈరోజు లేదు. చూశావా?

డిసెంబర్ 16, మంగళవారం

పొద్దున్నే.

డిసెంబర్ 19, శుక్రవారం

మంత్రం సగంలో మరిచిపోయాను. ఇన్నేళ్లుగా నోట్లో నానిన మంత్రం. అయినా తీశాను.

సాయంత్రం వంశీకృష్ణ ఫోను చేశాడు. మాల వేసినప్పటి నుంచి ముట్టలేదట. వర్షిణి వీడియోలో బిడ్డను చూపించిందట, ఇరుముడి కట్టే రోజుకు వస్తానందట. అంతా మీ దయ అన్నాడు. అంతా అయ్యప్ప దయ నాయనా అన్నాను. నా నోట్లో అప్పుడు ఏలక్కాయ ఉంది, వాసన రాకుండా. ఫోనులో వాసన రాదని తర్వాత గుర్తొచ్చింది.

డిసెంబర్ 20, శనివారం

జనవరి మూడున ఇరుముడి. ఒక్కొక్కరి కొబ్బరికాయలో నెయ్యి పోసి, ముడుపు కట్టి, నేనే తలకెత్తాలి. ఆ కాయ ఊరికే కాయ కాదు, దాన్ని మోసే మనిషే అది, లోపలి నెయ్యి అతని ప్రాణం. వ్రతం చెడిన చేత్తో అది పొయ్యడమంటే వాళ్ల దీక్ష మొత్తం చెడగొట్టడమే.

మాల తీసెయ్యాలి. తీస్తే ఎందుకని అడుగుతారు. ఎవరైనా దగ్గరివాళ్లు పోతే మైల, మాల తీసెయ్యవచ్చు, దానికి ఎవరూ ఏమీ అనరు. పైగా అయ్యో పాపం అంటారు.

డిసెంబర్ 22, సోమవారం

నాయుడుపేటలో మా అమ్మ తరఫున రాఘవయ్య మామ ఉన్నాడు. పెద్దవాడు, రాకపోకలు లేవు, మా వీధిలో ఎవరూ ఎరగరు. పొద్దున కోకిలతో చెప్పాను, మామ పోయాడట, ఫోను వచ్చింది, మైల కదా, మాల తియ్యాలి అని. ముఖం దిగాలుగా పెట్టుకుని మరీ చెప్పాను.

కోకిల అట్లకాడ పక్కన పెట్టింది. స్టవ్ ఆపింది.

"రాఘవయ్య మామ పోయి ఏడాది దాటింది సామీ. కర్మకు మీరే పోయినారు."

లేదన్నాను. నీకు పిచ్చా అన్నాను. నాయుడుపేట వెళ్లి ఎన్నాళ్లయిందో నాకు తెలియదా అని అరిచాను. ఆమె బీరువా తెరిచి, కర్మలో చుట్టాలకు పెట్టిన పంచె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మడత కూడా విప్పలేదు. పంచె అంచున పసుపు అట్లాగే ఉంది. వెళ్లిన రెండు రోజులకు ఎవరిదో చెప్పుల జతతో వచ్చానట. ఆమె అడిగితే మామను బాగా సాగనంపానని చెప్పానట.

నాకు గుర్తు లేదు. రైలు గుర్తు లేదు, ఇల్లు గుర్తు లేదు, ఏడ్చానో లేదో గుర్తు లేదు. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి. ఆయన కర్మకు వెళ్లి, కూడు తిని, బట్ట తెచ్చుకుని, ఈరోజు ఆయన్ని మళ్లీ చంపబోయాను.

డిసెంబర్ 23, మంగళవారం

షాపుకు వెళ్లలేదు. మధ్యాహ్నం కోకిల వచ్చి పక్కన కూర్చుంది. మాల్లో ఉన్నానని ఇన్నాళ్లూ నాకు ఆమడ దూరంలో ఉంది, ఈరోజు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. కర్పూరం కొన్న రోజే తనకు తెలిసిందట. మరి ఎందుకు అడగలేదన్నాను. మాల్లో ఉన్న మనిషిని ఏమని అడిగేది అంది. పొద్దున్నే పాడుకోవడం ఆపేస్తే నాకు తెలిసిపోతుందని, తెలిస్తే ఇంకా తాగుతానని, ఊరికే పాడుతూ వచ్చిందట.

అది విని నేను చేతులతో ముఖం కప్పుకున్నాను. ఆమె నా చేతులు విడదీసి పట్టుకుంది.

"నీ చేత కాలేదు. అంతే కదా? కాలేదని ఒక మాట చెప్పేదానికి, పోయిన మనిషిని మళ్లా చంపాల్నా?"

సామీ అనలేదు, మీరు అనలేదు. నాకు అదే హాయిగా ఉంది.

డిసెంబర్ 24, బుధవారం

ఇక ముట్టను. అయ్యప్ప మీద ఒట్టు. ఇరుముడి దాకా చేతులు శుభ్రంగా ఉంచుకుంటే జరిగింది ఎవరికీ చెప్పే పని లేదు. ప్రాయశ్చిత్తం నేను విడిగా చేసుకుంటాను. కోకిల కొంచెం కంగారు మనిషి.

డిసెంబర్ 26, శుక్రవారం

ఒట్టు పోయింది.

డిసెంబర్ 31, బుధవారం

ఇదే ఆఖరిది. ఈ మాట ఈ డైరీలో ఎన్నోసారో తిరగేసి చూడలేను.

జనవరి 2, శుక్రవారం

నిన్నటి నుంచి లేదు. అక్షరాలు ఎట్లా పడుతున్నాయో చూస్తున్నావుగా. నీళ్ల చెంబు నోటి దాకా తీసుకుపోలేకపోతున్నాను, కోకిల తాగించింది. రేపు నెయ్యి పొయ్యాలి. కాయకు కన్నంటే చిటికెన వేలు దూరేంత.

ఒక్క గుక్క వేస్తే చేతులు నిలబడతాయి. నాకు తెలుసు. వేస్తే నెయ్యి చెడుతుంది. వెయ్యకపోతే నెయ్యి పొయ్యలేను. స్వామీ, నన్ను ఎక్కడికి తెచ్చి నిలబెట్టావు?

జనవరి 3, శనివారం

మెల్లగా రాస్తున్నాను. అంతా రాయాలి.

సాయంత్రం గుడి ముందు పందిట్లో అందరం కూర్చున్నాం. కాయలన్నీ పీచు తీసి నున్నగా అరగదీసి, నీళ్లు వంచి వరసగా పెట్టారు. నేను తాగలేదు. అది నా గొప్ప కాదు, కోకిల పొద్దుటి నుంచి నా పక్క కదల్లేదు. మొదటిసారి కొండెక్కే కన్నెస్వామితో మొదలుపెట్టాలి. వంశీకృష్ణ నా ముందు కూర్చుని కాయ పట్టుకున్నాడు. అతని వెనక వర్షిణి, చంకలో బిడ్డ. పాపకు ఎవరో నల్లబట్ట చుట్టారు, ముద్దుగా ఉంది.

నేను నెయ్యి గిన్నె ఎత్తాను. మొదటి ధార కాయ మీద పడింది, రెండోది వంశీకృష్ణ మోకాలి మీద. చెయ్యి ఆపాలని చూసిన కొద్దీ భుజం దాకా ఊగింది. గిన్నె కాయకు తగిలి టకటక కొట్టుకుంది. నెయ్యి చాప మీదకు కారింది.

ఎవరో శరణం అని గట్టిగా అరిచారు. స్వామి పూనాడు, గురుస్వామికి స్వామి పూనాడు అంది వెనక నుంచి ఒక ముసలమ్మ. అంతే, పందిరంతా శరణుఘోష. డప్పు అందుకుంది. ఆ అవ్వ అంజలై, ఇడ్లీలమ్మే అంజలై, హారతి పళ్లెం తెచ్చి నా ముందు వెలిగించి, చాప మీద కారిన నెయ్యి వేలితో అద్ది కళ్లకు పెట్టుకుంది. సీతారామారావుగారు కూడా లేచి చేతులు జోడించారు. వంశీకృష్ణ నన్ను ఎట్లా చూశాడంటే, దేవుణ్ణి చూసినట్టే.

నేనేమీ చెయ్యనక్కరలేదు. కళ్లు మూసుకుని ఊగితే చాలు. నాయుడుపేట అబద్ధం కంటే ఎంతో సులువు. అసలు అబద్ధం నేను చెప్పినట్టే కాదు, వాళ్లే చెప్పుకున్నారు. నిజం రాస్తున్నాను, కళ్లు మూసుకున్నాను కూడా. ఎంతసేపో తెలియదు. అవ్వ నా పాదాల మీద తల పెట్టింది. ఆమె జుట్టు తడి తగిలింది, ఆ వయసులో తలస్నానం చేసి వచ్చింది పాపం. అది తట్టుకోలేకపోయాను.

గిన్నె కింద పెట్టి ఆమె భుజాలు పట్టి లేపాను.

"ఇది సామి కాదవ్వా. తాగుడు. రెండు దినాలుగా తాగలా, అందుకని వణుకుతా ఉండాయి."

డప్పు ఇంకా మోగుతూనే ఉంది. వాళ్లకు వినబడలేదు. మళ్లీ చెప్పాను, ఈసారి లేచి నిలబడి. మాల్లోనే తాగానని చెప్పాను. తీసి తాగి మళ్లీ వేసుకున్నానని చెప్పాను. మానాలని చూశాను, నా చేత కాలేదు, ఇప్పుడూ కావడం లేదు అన్నాను. డప్పు ఆగింది. పాప ఏడుపు ఒక్కటే వినబడింది.

సీతారామారావుగారు తిట్టారు. తిట్టాల్సినన్ని తిట్టారు. ఒక్కటీ ఎక్కువ కాదు. తర్వాత ఆయనే దగ్గరికి వచ్చి, అందరి కంటే పెద్దవాడు కనుక, మంత్రం చెప్పి నా మాల తీశారు. మాల తల మీదుగా వస్తుంటే చెవికి చిక్కుకుంది. తిట్టిన మనిషే మెల్లగా, చెవి నొప్పి పుట్టకుండా విడదీశారు. కాయలన్నీ కడిగి కొత్త నెయ్యితో ఆయనే పోశారు. నేను పందిరి బయట కోకిల పక్కన నిలబడి చూశాను. ఇన్నేళ్లలో ఇరుముడి కడుతుంటే బయట నుంచి చూడడం ఇదే మొదలు. ఆయన గొంతు బాగుంటుందని నాకు తెలియనే తెలియదు.

వంశీకృష్ణ నా వైపు చూడలేదు. పోనీలే అనుకున్నాను. కానీ బస్సు కదలబోయే ముందు, నెత్తిన ముడుపుతో దిగి నా దగ్గరికి వచ్చాడు. కోపంగానే ఉన్నాడు.

"కొండకెళ్లొచ్చి నేనూ మాల తీస్తాను కదండీ. మర్నాటి నుంచి నేనేం చెయ్యాలి?"

ఏ ఏడాదైనా ఎవరు ఏది అడిగినా నా దగ్గర జవాబు ఉండేది.

"నాకు తెలీదయ్యా. రేపు రాయపురంలో ఒక మీటింగుకు పోతా ఉండా. నువ్వు తిరిగొచ్చినాక నాతో రా. ఇద్దరం అడుగుదాం."

అతను సరేనండి అని వెళ్లి బస్సెక్కాడు. వర్షిణి పాప చెయ్యి పట్టి బస్సుకు టాటా చెప్పించింది. తర్వాత అదే చేత్తో నాకూ చెప్పించింది.

జనవరి 4, ఆదివారం

రాత్రే ఫోను చేసి వస్తానని చెప్పాను, మధ్యాహ్నమే ఆంటో ఆటో తెచ్చాడు. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు, ఉన్నట్టుండి మానేస్తే ప్రాణానికే ముప్పట, ఆ డాక్టరు మాత్రలు రాసి కోకిలకు జాగ్రత్తలు చెప్పి పంపాడు. అక్కడి నుంచి బడికి.

చిన్నపిల్లల తరగతి గది. గోడల మీద అరవం అక్షరాలు, ఏనుగు బొమ్మ. ఇంటివాళ్లకు పక్క గది, కోకిల అక్కడ కూర్చుంది. నేను ఒక మూల చోటు చూసుకున్నాను. ఒక్కొక్కరే పేరు చెప్పి మాట్లాడుతున్నారు. చేపలు పట్టేవాడు, బ్యాంకు మేనేజరు, ఒక నర్సమ్మ. ఎవరూ ఎవరికీ ఉపదేశం చెయ్యడం లేదు. నా వంతు వచ్చింది. పేరు ముందు గురుస్వామి అని నాలుక చివరి దాకా వచ్చి ఆగింది.

శంకర్ అన్నాను. తాగుడు ముందు నా చేత కావడం లేదన్నాను. ఇంకేదో చెప్పాలనుకున్నాను, ఏడుపు వచ్చింది. ఎవరూ ఉలిక్కిపడలేదు. కొందరు నవ్వారు కూడా, ఇంటికి ఆలస్యంగా వచ్చిన మనిషిని చూసి నవ్వినట్టు.

తర్వాత అందరూ కళ్లు మూసుకున్నారు, ఎవరి దేవుడితో వాళ్లు. నాకు వచ్చిన మంత్రాలన్నీ నోటి దాకా వచ్చాయి. ఒక్కటీ చెప్పాలనిపించలేదు. స్వామీ, నా వల్ల కాదు, నువ్వే చూడు అన్నాను. ఇన్నేళ్లు కొండెక్కి ఆయనకు నా దీక్ష చూపించి వచ్చానే గాని, ఏదీ అడిగింది లేదు.

ఆంటో అందరికీ టీ పోశాడు. నాకు సగం గ్లాసే పోశాడు. ఎందుకో నాకు చిన్నతనంగా అనిపించింది. ఏం ఆంటో, మాకు సగమేనా అన్నాను.

"నిండా పోస్తే ఒళ్లంతా పోసుకుంటావు పా. మొదటి దినం అందరికీ చేతులు వణుకుతాయి. నాకూ సగమే పోసినారు."

అట్లా అని గ్లాసు అడుగున తన అరచెయ్యి పెట్టి పట్టుకున్నాడు. నేను పై అంచు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి నా నోటి దాకా తెచ్చాం. వేడిగా ఉంది. తాగాను.